ముట్టుకోకుండానే పడిపోతారట

మాస్టర్ తాత ఇంకా చెయ్యి పూర్తిగా ఎత్తనే లేదు, వెనక వరసలో కుర్రాడు అప్పుడే ఎగిరి వెల్లకిలా పడ్డాడు! ఫ్యామిలీ గ్రూప్‌లో పొద్దున బాబాయి పెట్టిన వీడియో. కింద "చూడండ్రా, చీ శక్తి అంటే ఇదీ" అని. చీ అంటే ఒంట్లో ప్రవహిస్తుందని చైనా యుద్ధవిద్యల వాళ్లు నమ్మే ప్రాణశక్తి.

వెనక్కి తిప్పి మళ్లీ చూశా. పడబోయే ముందు వాడు పక్కవాడిని ఓరకంట చూశాడు.

తాయ్‌చీ అంటే నెమ్మదైన కదలికలతో చేసే చైనా యుద్ధవిద్య. వెయ్ లే అనే తాయ్‌చీ మాస్టర్ శక్తికి ఆయన అరచేతిలోంచి పావురం ఎగరలేకపోయిందని చైనా టీవీలోనే చూపించారు. 2017లో చెంగ్దూలో ఆయన శూ షియావోదోంగ్ అనే ఎంఎంఏ (రకరకాల పోరాట విద్యలు కలిపి ఆడే పోటీ) ఫైటర్‌తో తలపడ్డాడు. అర నిమిషం కూడా నిలవలేదు. 2020లో వేరే ఫైటర్ చేతిలో, మా బావోగ్వో అనే మరో తాయ్‌చీ మాస్టర్ పరిస్థితీ అంతే. విచిత్రమేంటంటే, ఎక్కువ తిట్లు తిన్నది గెలిచిన శూ!

తాయ్‌చీతో నాకు పేచీ లేదు. పెద్దవాళ్లకి బ్యాలెన్స్ మెరుగవుతుందని పరిశోధనలే చెప్తున్నాయి. శిష్యులంతా నాటకమాడుతున్నారనీ అనుకోను. గురువు చెయ్యి కదిలితే పడటం ఏళ్ల తరబడి ఒంటికి అలవాటైపోతుంది. నిలబడినవాడు మర్యాద తెలియనివాడు. ఇక ఆ గురువుకైనా అనుమానం ఎక్కణ్నుంచి వస్తుంది? రోజూ కళ్లెదుట పడుతూనే ఉన్నారాయె.