పిల్లిగద్దల లెక్క: నాలుగో చలికాలం

మాది నంద్యాల జిల్లా, రోళ్లపాడు అభయారణ్యానికి దగ్గర్లో నల్లరేగడి ఊరు. శనగ, జొన్న, కంది చేల మధ్య 18 కిలోమీటర్ల దారి ఒకటి పెట్టుకుని, నెలకు రెండు ఆదివారాలు బండి మీద తిరిగి గద్దలు, డేగల్ని లెక్కపెడుతున్నాను. కిలోమీటరుకు ఒకసారి బండి ఆపి, ఇంజను కట్టేసి, మూడు నిమిషాలు చుట్టూ చూస్తాను. దగ్గర ఉన్నవి 8x42 బైనాక్యులర్, చిన్న నోట్‌బుక్, అంతే. ఇంటికొచ్చాక ఈబర్డ్‌లో (పక్షుల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైట్) ఎక్కిస్తాను.

ముందు నా తప్పు చెప్పాలి. మొదటి చలికాలం 9 దాటాక బయల్దేరేవాణ్ని. రెండో ఏడు ఎండకు భయపడి 7కే మొదలుపెట్టాను. నల్లగద్దలు సగానికి పడిపోయాయి! టెన్షన్‌తో ఇద్దరు ముగ్గురికి ఫోన్లు కూడా చేశాను. తర్వాత అనుమానమొచ్చి ఒకే రోజు రెండుసార్లు తిరిగాను. 7 గంటలకు మూడు కనబడ్డాయి, 9:30కి పదకొండు. నేల వేడెక్కి గాలి పైకి లేస్తే గానీ అవి ఆకాశానికి ఎక్కవు. తగ్గింది గద్దలు కాదు, మారింది నా టైమ్. అందుకే మొదటి ఏడాది అంకెల్ని పోల్చడానికి వాడట్లేదు. ఏమీ కనబడని స్టాప్‌కు సున్నా వేయకపోవడం ఇంకో తప్పు. ఖాళీగా వదిలేస్తే అక్కడ ఆగానో లేదో నాకే గుర్తుండదు.

అడవి రామదాసు అనే చిన్న గద్ద మాత్రం బాగానే ఉంది. శనగ కోతల తర్వాత ఎలుకల కోసం గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడుతుంది కాబట్టి దాన్ని పోల్చుకోవడం తేలిక. తిరిగిన ప్రతిసారీ నాలుగు నుంచి ఆరు తగులుతున్నాయి. ఎలుకల మందు తిన్న ఎలుక దీని నోట పడితే ఏమవుతుందోనన్న బెంగ ఉంది. అందుకే చచ్చిన పక్షి కనబడితే చోటు, తేదీ రాస్తున్నాను. ఇప్పటిదాకా ఒక్కటే.

నా అసలు దిగులు పిల్లిగద్దలది (ఇంగ్లీషులో హారియర్లు). మధ్య ఆసియా వైపు నుంచి వచ్చి, చలికాలమంతా ఇక్కడ మిడతలు తిని, రాత్రికి గడ్డిలో నేల మీదే గుంపుగా పడుకుంటాయి. ఊరి బయట బీడులోకి సాయంత్రం దిగేవాటిని 5 నుంచి చీకటి పడేదాకా లెక్కపెడతాను. 300 మీటర్ల దూరంలో గట్టు మీద కూర్చుంటాను, దగ్గరికి పోను. ఒక్కో చలికాలంలో ఒకే సాయంత్రం కనబడ్డ అత్యధిక సంఖ్యలు వరుసగా 17, 14, 9, 6. ఇది మొదటి నుంచీ ఒకే పద్ధతిలో చేసిన లెక్క.

మగవాటిలో రెక్క మీద నల్లగీత ఉంటే మాంటేగ్యూ జాతి, రెక్క కొసన సన్నటి నల్ల మొన ఉంటే పాలిడ్ జాతి. ఆడవి, పిల్లలు గోధుమరంగులో ఒకేలా ఉంటాయి. మొదట్లో ఊహించి పేరు రాసేసేవాణ్ని. ఇప్పుడు "పిల్లిగద్ద, తేలలేదు" అని రాస్తున్నాను. నోట్‌బుక్‌లో సగం అవే, ఏం చేస్తాం.

రెండేళ్ల కిందట ఆ బీడులో సగం దున్ని శనగ వేశారు. తగ్గడానికి అదే కారణమని రాసేద్దామనుకున్నాను. ఈ జనవరిలో నాలుగు కిలోమీటర్ల అవతల ఇంకో గడ్డిమడి దొరికింది, అక్కడ ఐదు దిగాయి. రెండుచోట్లా ఒకే సాయంత్రం చూడాలంటే ఇద్దరు కావాలి. మా బావమరిదిని రెండో గట్టు మీద కూర్చోబెట్టాను. ఆ రోజు మొత్తం పదకొండు. అంటే కొన్ని చోటు మారాయి. మిగతావి ఏమయ్యాయో ఇంకో రెండు మూడు గడ్డిమళ్లు వెతికితే గానీ చెప్పలేను.

పక్క చేను పెద్దాయన మొదట్లో "ఏంది సామీ, గద్దల్ని లెక్కబెట్టి ఏం జేస్తావ్?" అని నవ్వేవాడు. మొన్న మార్చి 20న ఆయనే ఫోన్ చేశాడు. "తోక మొదట్లో తెల్లగుండేది నా జొన్నచేలో తిరుగుతాంది, రా." వెళ్లాను. ఒకటే పిల్లిగద్ద ఉంది, ఆడదో, ఇంకా ఎదగనిదో. "తేలలేదు" అని రాసుకున్నాను.