ఇంటి అప్పు ముందా, పింఛను ముందా

మదనపల్లెలో ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేసిన మా నాన్న ఫోను చేసినప్పుడల్లా ఇంటి అప్పు ఎంత తగ్గిందని అడుగుతారు. చేతిలో నాలుగు రూపాయలు మిగిలితే ముందు బ్యాంకుకు కట్టేయమన్నది ఆయన మాట. చాలాకాలం నాదీ అదే అభిప్రాయం. నెలకు 15,000 రూపాయలు అదనంగా మిగలడం మొదలైన తరువాతే, ఆ డబ్బు అప్పుకు వెళ్లాలా, వృద్ధాప్యానికి వెళ్లాలా అని కాగితం మీద లెక్క వేసి చూసుకున్నాను.

2021 ఆరంభంలో, నాకు 36 ఏళ్లున్నప్పుడు, బెంగళూరు కసవనహళ్లిలో ఫ్లాటు కోసం 50 లక్షల రూపాయలు 7 శాతం వడ్డీకి, 20 ఏళ్ల గడువుతో తీసుకున్నాను. నెల కిస్తీ 38,765 రూపాయలు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకు రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే తాను బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీని, 4 శాతం నుంచి 6.5 శాతానికి పెంచింది. దానికి ముడిపడిన నా వడ్డీ 9.5 శాతానికి చేరింది. కిస్తీ మాత్రం మారలేదు కనుక నేను పట్టించుకోలేదు. ఒక రాత్రి ఖాతా వివరాలు తెరిచి చూసినప్పుడు, ఆ నెల కట్టిన 38,765 రూపాయల్లో అసలుకు జమ అయినది దాదాపు వెయ్యి రూపాయలు మాత్రమేనని, మిగతాదంతా వడ్డీకే పోయిందని తెలిసింది. పెరిగిన భారాన్ని బ్యాంకు గడువులోకి నెట్టింది. అదే కిస్తీతో సాగితే అప్పు తీరేసరికి నాకు 70 ఏళ్లు దాటిపోతాయి. మరునాడే వెళ్లి, పాత గడువులోనే తీరేలా కిస్తీని 46,170కి పెంచమని రాసిచ్చాను. రేటు మారినప్పుడు కిస్తీ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అన్నది తేల్చుకునే అవకాశం రుణగ్రహీతకు ఇవ్వాలని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు స్పష్టంగా ఆదేశించింది. అప్పున్న ప్రతి ఒక్కరూ ఈ విషయం తెలుసుకుని, ఏడాదికొకసారైనా తమ ఖాతాలో మిగిలిన గడువు ఎంతో చూసుకోవాలని కోరుతున్నాను.

2025లో రెపో నాలుగు విడతల్లో మొత్తం 1.25 శాతం తగ్గడంతో నా వడ్డీ 8.25 శాతానికి దిగింది. కిస్తీని తగ్గించుకోలేదు. ఇప్పుడు మిగిలిన అసలు దాదాపు 44 లక్షలు, ఇలాగే కడితే సుమారు 13 ఏళ్లలో తీరుతుంది. నెలకు ఆ 15,000 కలిపి కడితే సుమారు ఎనిమిదేళ్ల నాలుగు నెలల్లో తీరి, పది లక్షలకు పైగా వడ్డీ మిగులుతుంది. మారే వడ్డీ రేటుపై వ్యక్తులు తీసుకున్న ఇంటి రుణాన్ని ముందుగా తీరిస్తే జరిమానా కూడా ఉండదు.

ఈ పది లక్షలు చూసి నేను దాదాపు నిర్ణయానికి వచ్చేశాను. కానీ ఆ డబ్బును భవిష్య నిధిలో (పీఎఫ్) వేసుకోవచ్చు, దానికి 2024-25 సంవత్సరానికి ప్రకటించిన వడ్డీ కూడా సరిగ్గా 8.25 శాతమే. ఉద్యోగి వాటా ఏడాదికి రెండున్నర లక్షలు దాటనంతవరకు ఆ వడ్డీపై పన్ను లేదు. నేను కొత్త పన్ను విధానంలో ఉన్నాను కనుక, నివసిస్తున్న ఇంటి రుణ వడ్డీపై నాకు మినహాయింపు కూడా రాదు. అంటే అప్పులో మిగిలే రూపాయి, నిధిలో పెరిగే రూపాయి నేటి లెక్కలో సమానం. అయితే ఆ సమానత్వం ఒక షరతు మీద నిలబడి ఉంది: అప్పు తీరిన మరుసటి నెల నుంచే మొత్తం 61,170 రూపాయలూ వృద్ధాప్యానికి మళ్లించాలి. అప్పటికి నాకు 50 ఏళ్లు నిండవస్తాయి, మా అమ్మాయి కళాశాలలో ఉంటుంది. ఆ డబ్బు ఆమె చదువుకు, ఆ తరువాత మరో అవసరానికి వెళ్లదని నేను హామీ ఇవ్వలేను.

నాన్న సలహా వెనుక ఉన్న ఆసరా నాకు అప్పుడు అర్థమైంది. ఆయనకు ప్రతి నెలా ప్రభుత్వ పింఛను వస్తుంది, ధరలతో పాటు కరువు భత్యం పెరుగుతుంది, ఆయన తరువాత అమ్మకు కుటుంబ పింఛను ఉంటుంది. వృద్ధాప్యానికి ఆ రక్షణ ఉన్న ఇంట్లో అప్పు తీర్చడమే మొదటి పని కావడం న్యాయమే. 2004 సెప్టెంబరు తరువాత ఉపాధ్యాయుడైన మా చిన్నాన్న కొడుకుకే ఆ పాత పింఛను లేదు. ఇక నా సంగతి చెప్పాలంటే, మా సంస్థ చట్టం కోరిన కనీసం, అంటే నెలకు 1,800 రూపాయలే, భవిష్య నిధికి కడుతుంది. అందులో 1,250 పింఛను పథకానికి పోతుంది. 15,000 జీతం పరిమితితో లెక్కించే ఆ పింఛను, 35 ఏళ్ల సర్వీసుకైనా నెలకు ఎనిమిది వేల లోపే ఉంటుంది. కట్టేసిన ఇల్లు నీడ ఇస్తుంది కానీ, నెల నెలా మందులకు, పాలకు డబ్బు ఇవ్వదు. పైగా బ్యాంకుకు ముందుగా కట్టిన సొమ్మును అవసరానికి తిరిగి అడగలేం. భవిష్య నిధి నుంచి మాత్రం వైద్యానికో, పిల్లల చదువుకో నిబంధనల మేరకు కొంత తీసుకోవచ్చు.

అందువల్ల నెలకు 15,000 స్వచ్ఛంద భవిష్య నిధికి, అంటే తప్పనిసరి వాటాపై నా ఇష్టంతో అదనంగా కట్టేదానికి, ఏటా వచ్చే బోనసును అప్పు అసలుకు అని నిర్ణయించుకున్నాను. బోనసు కట్టినప్పుడు తగ్గించవలసింది కిస్తీని కాదు, గడువును అని ప్రతిసారీ రాసిస్తాను. రుణ వడ్డీ మళ్లీ 9 శాతం దాటితే ఈ క్రమాన్ని తిరగేస్తాను, ఎందుకంటే అప్పుడు లెక్క సమానంగా ఉండదు.

ఏప్రిల్ జీతం చీటీలో నా వంతు భవిష్య నిధి గడిలో 1,800కు బదులు 16,800 వచ్చింది. ఊరికి వెళ్లినప్పుడు నాన్నకు చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, ఆ అంకె మీద వేలు ఆనించి, "ఇది నీ చేతికి ఎప్పుడొస్తుంది నాయనా?" అని అడిగారు. యాభై ఎనిమిదో ఏట అని చెప్పాను.