కష్టమైన ప్రశ్ననే ముందు తెరిచే ధైర్యం

తోటి అభ్యర్థులకు నమస్కారం. సివిల్స్ మెయిన్స్ రాసి ఫలితం కోసం ఎదురుచూస్తున్నాను. పుస్తకాల జాబితాలు, టైమ్‌టేబుళ్లు ఎందరో బాగా రాశారు, వాటి జోలికి పోను. చెన్నైలో చదువుకున్న కాలంలో, నా వల్ల కాదనిపించిన పనికి కూర్చునే ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం చెబుతాను. అది దేవుని వాగ్దానం మీద నమ్మకం నుంచి వచ్చింది.

మా ఒంగోలు వైపు చర్చిల్లో కొత్త సంవత్సరం ఆరాధనలో వాగ్దాన కార్డులు, అంటే బైబిల్లోని ఒక దేవుని మాట రాసిన కార్డులు, పంచుతారు. ఆ కార్డులో ఉద్యోగాన్నో ర్యాంకునో వెతుక్కోవడం మనకు సహజం. అయితే బైబిల్లో యెహోషువకు దేవుడిచ్చిన మాట చూడండి: "నిన్ను విడువను, నిన్ను ఎడబాయను." ఇశ్రాయేలు ప్రజలను నడిపించిన మోషే చనిపోయాడు, ప్రజల భారమంతా యెహోషువ మీద పడింది, ఎదురుగా యొర్దాను. అదీ కోతకాలం, నది గట్లు పొర్లి పారే కాలం. నీళ్లు ముందుగా ఆగి దారి ఇవ్వలేదు. దేవుని నిబంధన పెట్టె అయిన మందసాన్ని మోస్తున్న యాజకుల కాళ్లు నీటి అంచున మునిగాకే ప్రవాహం నిలిచింది. భయం పోయాక పని మొదలుపెడదామని కూర్చుంటే భయం పోదు. తోడుంటానన్న మాట ముందే ఉంది కాబట్టి భయంతోనే కాలు పెట్టవచ్చు. నా ప్రిపరేషన్ మొత్తం ఈ ఒక్క నమ్మకం మీదే నడిచింది.

నన్ను అన్నిటికన్నా భయపెట్టింది జవాబులు రాయడం. జనరల్ స్టడీస్ ఒక్కో పేపరులో మూడు గంటల్లో 20 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి తొమ్మిది నిమిషాలు. విషయం తెలిసి కూడా చేయి కదలని రోజులున్నాయి. అన్నా నగర్ హాస్టల్లో తెల్లవారగానే ప్రార్థన చేసుకుని, ఆ వారం ఏ ప్రశ్నను తప్పించుకోవాలనిపించిందో దాన్నే ముందు తీసేవాణ్ణి. మార్కులు ఇమ్మని అడిగేవాణ్ణి కాదు. "ప్రభువా, ఈ తొమ్మిది నిమిషాలు నాతో ఉండు" అనేవాణ్ణి, అంతే. రాసింది బాగా రాకపోయినా, రాశానన్న నిబ్బరంతో రెండో ప్రశ్నకు వెళ్లేవాణ్ణి. ప్రిలిమ్స్‌లో అర్హత పేపరైన సీశాట్ గురించి ఎక్కువ చెప్పను. 33 శాతం వస్తే చాలు, కానీ లెక్కలంటే జంకేవారు దానికి రోజూ కొంత సమయం ఇవ్వక తప్పదు.

మధ్యాహ్నాలు కొట్టూరుపురంలోని అన్నా శతాబ్ది గ్రంథాలయంలో గడిచేవి. అక్కడికి వెళ్లే ఎంఆర్‌టీఎస్ రైలు మైలాపూర్ మీదుగా బకింగ్‌హామ్ కాలువ వెంబడే సాగుతుంది. ఇప్పుడు చూస్తే మురుగు కాలువే. కానీ కూవం, అడయారు నదులను కలిపే భాగాన్ని 1877-78లో కరువు పనిగా తవ్వించారు. ఉత్తరాన మా ప్రాంతంలో ఇదే కాలువ పనిలో సుమారు మూడున్నర మైళ్ల కాంట్రాక్టును అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ దొర తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి దొరికేలా చేశారు. ఆయన ఒంగోలు రావడం వెనుక కూడా ఒక ప్రార్థన ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీలైన జ్యూయెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక మిషనరీని పంపమని వేడుకున్నారు. క్లౌ వచ్చింది 1866లో. పన్నెండేళ్లు! జవాబు ఆలస్యమైనందుకు వాళ్లు ఆశ వదులుకోలేదు. వచ్చినవాడికి దొరికిన పని కూడా తేలికైనది కాదు, కరువులో కాలువ తవ్వించడం. ప్రిలిమ్స్ ఫలితం కోసం కొన్ని వారాలు ఆగలేక అల్లాడే మనం ఆ పన్నెండేళ్ల గురించి ఆలోచించాలి.

ఇక ఇంటర్వ్యూ. 275 మార్కులనగానే గొంతు తడారిపోయేవారికి మోషే గుర్తుండాలి. తనకు మాటనేర్పు లేదని, నోరు మందమని ఆయన దేవునితోనే చెప్పాడు. నీ నోటికి తోడుంటానని దేవుడు మాట ఇచ్చాడు, పైగా అన్న అహరోనును పక్కన నిలిపాడు. అందుకే దేవుణ్ణి నమ్ముతున్నాను కదా అని ఒంటరిగా సిద్ధమవడం నాకు సరిగా తోచదు. మా హాస్టల్లోని ఒక తమిళ మిత్రుడు, నేను రోజూ రాత్రి ఒకరినొకరం ప్రశ్నలు అడుగుకుంటున్నాం. అతను మురుగన్ భక్తుడు. నేను తడబడినప్పుడు తొందరపెట్టకుండా ఆగుతాడు, ఆ ఓపికలో నాకు దేవుని సహాయమే కనిపిస్తుంది.

యెహోషువ మొదటి అధ్యాయంలో ధైర్యంగా ఉండమనే మాట నాలుగుసార్లు వస్తుంది. మూడుసార్లు దేవుడు అంటాడు. నాలుగోసారి అనేది ప్రజలు. పై నుంచి వచ్చిన మాటనే పక్కనున్నవాళ్లు మళ్లీ చెప్పారు. నా విషయంలో ఆ పని ఎక్కువగా అమ్మ చేసింది. మెయిన్స్ ముందు రాత్రి ఫోన్ చేసి, "ర్యాంకు సంగతి దేవుడికి వదిలెయ్ నాన్నా. రేపు హాల్లో నువ్వు ఒక్కడివే ఉండవు, అది గుర్తుంచుకుని పడుకో" అంది. ఆ రాత్రి నిద్రపట్టింది.

చెన్నైలో చదువుతున్న తెలుగువారు ఎవరైనా దిగులుగా ఉంటే, ఏ మతం వారైనా సరే, ఆదివారం సాయంత్రం అన్నా నగర్ టవర్ పార్కుకు రండి. మేం కొందరం అక్కడ కూర్చుని ఒకరి జవాబులు ఒకరం దిద్దుకుంటాం. మీరు అన్నిటికన్నా భయపడే ప్రశ్నకు జవాబు రాసి తీసుకురండి, సగమే రాసినా పర్వాలేదు.