గడ్డి తీసేసి నెవిన్స్ బార్బెర్రీ పొద పెంచాం: నా అనుభవం

మేముండేది దక్షిణ కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ కౌంటీలో. ఇక్కడ ఏడాదంతా కలిపి పడే వాన పది అంగుళాలకు అటూ ఇటూ. అదీ చాలావరకు నవంబరు నుంచి మార్చి లోపలే. వేసవంతా చుక్క పడదు. ఇలాంటి చోట ఇంటి ముందు గడ్డి పచ్చగా ఉండాలని స్ప్రింక్లర్లు తిప్పుతూ ఉంటే నాకు మనసొప్పేది కాదు. పెరిగింది అనంతపురం జిల్లాలో, నీళ్లు అలా రోడ్డు మీదికి పారుతుంటే చూస్తూ ఊరుకోలేను.

గడ్డి తీసేసేవాళ్లకు ఇక్కడి నీటి సంస్థ డబ్బు తిరిగి ఇస్తుంది. మాకు చదరపు అడుగుకు 2 డాలర్ల చొప్పున వచ్చింది. అయితే ముందు దరఖాస్తు, తర్వాతే పార. గడ్డి ఉండగానే ఫొటోలు తీసి పంపాలి, వాళ్లు సరే అన్నాక 180 రోజుల్లో పని పూర్తి చేయాలి. ప్రతి 100 చదరపు అడుగులకు కనీసం మూడు మొక్కలుండాలి. వాననీళ్లు వీధిలోకి పోకుండా నేలలో ఇంకే ఏర్పాటు కూడా ఉండాలి.

ఏ మొక్క వేయాలన్నది మాత్రం క్లేర్‌మాంట్‌లోని కాలిఫోర్నియా బొటానిక్ గార్డెన్‌కు వెళ్లినప్పుడే తేల్చుకున్నాను. నెవిన్స్ బార్బెర్రీ పొద ఒకటి తలెత్తి చూసేంత ఎత్తున ఉంది. నీలం కలిసిన బూడిద రంగు ఆకులు, అంచుల్లో ముళ్లు. చలికాలంలోనూ ఆకు రాల్చదు. వసంతంలో పసుపు పూల గుత్తులు, వేసవికి ఎర్రటి పళ్లు. ఇది ఈ దక్షిణ కాలిఫోర్నియాలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. మా కౌంటీలోనే టెమెక్యులా దగ్గర వెయిల్ లేక్ చుట్టూ ఉన్నాయి. 1998లో అమెరికా ఫెడరల్ ప్రభుత్వం దీన్ని అంతరించిపోయే ప్రమాదమున్న మొక్కల జాబితాలో చేర్చింది. అడవిలో ముట్టుకోకూడదు, నర్సరీలో పెంచినవి హాయిగా కొనుక్కోవచ్చు. మా నేలలో పుట్టిన మొక్కకు మా ఇంటి ముందు చోటివ్వడం కన్నా మంచి పని ఏముంటుందనిపించింది.

ఈలోగా కాలనీ అసోసియేషన్ నుంచి ఉత్తరం. ముందు వైపు గడ్డి తప్పనిసరి అట! కాసేపు టెన్షన్ పడ్డ మాట నిజమే. కానీ కాలిఫోర్నియా సివిల్ కోడ్ 4735వ సెక్షన్ ప్రకారం, తక్కువ నీళ్లు తాగే మొక్కలు వేసుకోవద్దని నిషేధించే హక్కు ఏ అసోసియేషన్‌కూ లేదు. ఆ సెక్షన్ చూపిస్తూ, మొక్కల ప్లాన్ జతచేసి, మర్యాదగా జవాబు రాశాను. అనుమతి వచ్చేసింది.

మన ఊళ్లో తొలకరికి నాటుతాం. ఇక్కడ దీపావళి వెళ్లాక నాటాలి, వానలు మొదలయ్యేది అప్పుడే కాబట్టి. కుండీ ఎంత లోతుంటే గుంత అంతే లోతు, వెడల్పు మాత్రం రెండింతలు. మాది బంకమట్టి. అందుకని ముందు గుంత నిండా నీళ్లు పోసి, అవి ఇంకాక మళ్లీ పోసి, ఇంకుతున్నాయని చూసుకున్నాకే మొక్క దించాను. పేడ ఎరువూ కంపోస్టూ ఏమీ కలపలేదు, తీసిన మట్టే తిరిగి పోశాం. కాండం మొదలు నేల కన్నా కాస్త పైకి ఉండాలి. చుట్టూ మూడంగుళాల మందాన చెక్క పొట్టు పరిచి, మొదలును మాత్రం తాకకుండా వదిలాను. బాగా విస్తరించే పొద కాబట్టి నడిచే దారికి దూరంగా పెట్టాం. పిల్లలున్న ఇంట్లో ఇది మరిచిపోకూడదు, ఎండి రాలిన ఆకు కూడా గుచ్చుకుంటుంది.

అసలు పరీక్ష వేసవిలో. ఆ ఏడు నాన్న వచ్చారు. బయట నూరు డిగ్రీల ఫారన్‌హీట్ దాటుతుంటే, పొద్దున్నే బకెట్టుతో బయల్దేరేవారు.

"ఎండలు మండిపోతుంటే మొక్కకు నీళ్లు పోయకపోతే ఎలాగమ్మా?"

"నాన్నా, ఇది వేసవిలో నిద్రపోయే మొక్క. వేడి నేలలో రోజూ తడి ఉంటే వేరుకుళ్లు వస్తుంది."

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. పొట్టు పక్కకు జరిపి, వేలు మట్టిలోకి దింపి చూశారు. లోపల చల్లగా, కొద్దిగా తడిగా తగిలింది. "ఇంకా పదునుందే" అన్నారు. ఆ తర్వాత వేలు పెట్టి చూడనిదే బకెట్టు ముట్టుకోలేదు. మొదటి రెండు వేసవులూ అలాగే, లోపల బాగా ఆరాక, చల్లటి పూట, వేళ్లకంటా దిగేలా ఒకేసారి నిండుగా పోశాం. చలికాలంలో వాన ముఖం చాటేస్తే అప్పుడు మాత్రం లోటు రానివ్వలేదు. అది ఎదిగే కాలం అదే.

మొదట్లో ఎదుగుదల చాలా నెమ్మది, కంగారుపడి ఎరువు వేయాల్సిన పనేమీ లేదు. ఇప్పుడు నా భుజం ఎత్తు దాటింది. కొమ్మ కత్తిరిస్తే లోపలి కలప పచ్చగా, పసుపు కొమ్ము విరిచినట్టే ఉంటుంది. ఆ రంగు బెర్బెరిన్ అనే పదార్థానిది, మన మానుపసుపులో ఉన్నదే. పూలు విచ్చినప్పుడు పిల్లలకు ఒకటి చూపిస్తుంటాను: సన్నటి పుల్లతో కేసరం అడుగున తాకితే, అది చటుక్కున మధ్యకు వాలి పుప్పొడి అంటిస్తుంది. తేనెటీగ మూతి పెట్టినప్పుడు జరిగేదీ ఇదే.

పళ్లు పిట్టలకే వదిలేస్తున్నాం. కత్తిరింపు పెద్దగా అక్కర్లేదు. దారి వైపు వచ్చిన కొమ్మలు మాత్రం, పళ్లయిపోయాక, తోలు గ్లవ్స్ వేసుకుని తీసేస్తాను. పక్కింటివాళ్లు కూడా ఇప్పుడు గడ్డి తీయడానికి దరఖాస్తు పెట్టారు. మొక్క కోసం నర్సరీలో సెప్టెంబరులోనే అడిగి పెట్టుకోమని చెప్పాను.