మంచి వేరుకు అడవి కొమ్మ

బైబిలులో అపొస్తలుడైన పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక పదకొండవ అధ్యాయాన్ని ఎన్నోసార్లు చదివాను గాని, అందులోని మాట ఎంత విడ్డూరమైనదో దామలచెరువు దారిలో ఒక మామిడి నర్సరీలో నిలబడినప్పుడే నాకు తెలిసివచ్చింది. అంటు కట్టే పెద్దాయన నాటు టెంక నుంచి మొలిచిన మొక్క తల కోసి, కాండాన్ని నిలువునా కొద్దిగా చీల్చి, తోతాపురి పుల్ల మొనను రెండు వైపులా ఏటవాలుగా చెక్కి ఆ చీలికలో దించాడు. బెరడుకు బెరడు ఆనేలా సరిచూసి, పాలిథిన్ రిబ్బనుతో బిగించి చుట్టాడు. మంచి జాతి వేరు మీద నాటు పుల్ల కడితే ఏమవుతుందని అడిగాను. "అట్ల ఎవురు కడతారు సార్? ఏ పుల్ల కడితే ఆ కాయే కదా కాసేది" అన్నాడు.

పౌలు సరిగ్గా అటువంటి అంటునే మన ముందు పెడుతున్నాడు. ఇశ్రాయేలు, అంటే యూదుజాతి, మంచి ఒలీవచెట్టు; అన్యజనులమైన మనం, అంటే యూదులు కానివారం, అడవి ఒలీవ కొమ్మలం. పౌలుకు తోటపని తెలియక అలా వ్రాశాడని కొందరంటారు. నాకు అలా తోచదు. అది స్వభావవిరుద్ధమైన అంటు అని 24వ వచనంలో ఆయనే చెబుతున్నాడు. ఏ రైతూ చేయని పనిని దేవుడు చేశాడు. కొమ్మలో ఏ మంచినీ చూసి ఏరుకోలేదు. కృప అనే మాటకు ఇంతకంటె సూటియైన వివరణ నాకు దొరకలేదు.

ఈ పత్రికను పౌలు క్రీ.శ. 57 ప్రాంతంలో కొరింథు నుంచి వ్రాశాడు. అంతకు కొన్నేళ్ల ముందు క్లౌదియ చక్రవర్తి యూదులందరూ రోమా విడిచి వెళ్లాలని ఆజ్ఞాపించాడు. అకుల, ప్రిస్కిల్ల అలా కొరింథుకు వచ్చినవారే. 54లో క్లౌదియ మరణించాడు. పౌలు ఈ పత్రిక చివరి అధ్యాయంలో వందనాలు చెప్పే నాటికి ఆ దంపతులు మళ్లీ రోమాలో ఉన్నారు. యూదులు లేని ఆ ఏళ్లలో సంఘాన్ని నడిపిన అన్యజనులకు, తిరిగి వచ్చినవారిని చూసి "చెట్టు ఇప్పుడు మాది" అనే గర్వం కలిగి ఉండవచ్చు. అలాంటివారికే ఈ మాట: "వేరు నిన్ను భరించుచున్నది గాని నీవు వేరును భరించుట లేదు."

ఈ వచనం నన్ను గద్దించింది. ఆదివారపు బడిలో పిల్లలకు చెప్పేటప్పుడు, దేవుడు యూదులను విడిచిపెట్టి మనలను ఎన్నుకున్నాడన్నట్టుగా ఎన్నో ఏళ్లు చెప్పాను. ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించిన యూదుల వర్గానికి చెందిన "పరిసయ్యుడు" అనే పేరును తిట్టుమాటలా వాడాను. ప్రభువైన యేసు యూదుడనీ, ఆయన తల్లి మరియ, పన్నెండుమంది శిష్యులు యూదులనీ, ఈ పత్రిక వ్రాసినవాడు బెన్యామీను గోత్రికుడనీ, మనం పాడుకునే బైబిలు కీర్తనలు వారి ప్రార్థనలనీ తెలిసి కూడా అలాగే మాట్లాడాను. మన చిత్తూరు ప్రాంతంలో అమెరికా మిషనరీల ఆర్కాటు మిషను సువార్త ప్రకటించింది 19వ శతాబ్దంలో. యూదుల మూలపురుషుడైన అబ్రాహాముకు దేవుడు చేసిన వాగ్దానమనే వేరు అప్పటికి వేల సంవత్సరాల నాటిది. యెరూషలేము దేవాలయంలో అన్యుడు ఒక గోడ దాటి లోపలికి వస్తే అతని మరణానికి అతడే బాధ్యుడని గ్రీకులో చెక్కిన రాయి 1871లో దొరికింది. ఆ గోడకు బయట ఉండవలసిన మనలను దేవుడు చెట్టులోనే కలిపాడు.

మరి అవిశ్వాసం వల్ల ఆ చెట్టు నుంచి విరిచివేయబడ్డాయని పౌలు చెప్పే కొమ్మల, అంటే క్రీస్తును నమ్మని యూదుల, సంగతి? నర్సరీలో విరిగిన పుల్లను ఎవరూ మళ్లీ ముట్టుకోరు, అది పొయ్యిలోకే. పౌలు అలా ముగించలేదు. తన సహోదరుల కోసం తానే క్రీస్తు నుండి వేరై శాపగ్రస్తుడనైనా కోరుకుంటానని తొమ్మిదవ అధ్యాయంలో దుఃఖంతో అన్న మనిషి, వారు అవిశ్వాసంలో నిలిచిపోకపోతే వారిని మరల అంటుకట్టడానికి దేవుడు శక్తిగలవాడని ఇక్కడ గట్టిగా చెబుతున్నాడు. అడవి కొమ్మనే అతికించినవానికి, ఆ చెట్టులో పుట్టిన కొమ్మలను తిరిగి అతికించడం మరింత స్వాభావికం కదా! అందరి యెడల కరుణ చూపడానికే దేవుడు అందరినీ అవిధేయతలో మూసివేసి బంధించాడన్న 32వ వచనం దగ్గర నేను చాలాసేపు ఆగిపోతాను. అక్కడ యూదునికీ మనకూ చేతిలో మిగిలేది ఏమీ లేదు, ఆ కరుణ తప్ప.

ఆ రోజు కొన్న అంటుమొక్క ఇంకా కుండీలోనే ఉంది. ముడి పైన రెండు ఎర్రటి చిగుళ్లు వచ్చాయి. వచ్చే ఆదివారం దానిని బడికి తీసుకువెళ్లి, పిల్లలచేత ముడిని వేళ్లతో తడిమించి, ఏది దేనిని మోస్తోందో వాళ్లనే అడగాలనుకుంటున్నాను.