రెండోసారి ఆపరేషన్ బల్ల మీదికి

రాత్రి రెండింటికి దగ్గుతో ఉలిక్కిపడి లేచేదాన్ని. నోరంతా పులుపు, గొంతులో మంట. తల కింద మూడు దిండ్లు పెట్టుకుని సగం కూర్చునే నిద్రపోయేదాన్ని. రెండేళ్లు ఇలాగే గడిచాయి. డాక్టర్‌కి చూపించుకోవాలని తెలుసు. కానీ అక్కడికి వెళ్తే ముందు బరువు చూస్తారు. ఆ భయంతోనే వెళ్లలేదు.

ఆరేళ్ల కిందట బరువు తగ్గడానికి నాకు స్లీవ్ ఆపరేషన్ జరిగింది. జీర్ణాశయంలో దాదాపు 80 శాతం తీసేసి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా చేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. అందుకే మొదటి ఏడాది ఆకలన్నదే తెలియలేదు. 118 కిలోల నుంచి 76కి దిగాను. షుగర్ మాత్రలు ఆగాయి. కనిపించినవాళ్లంతా మెచ్చుకున్నారు. తర్వాత నన్ను నోరెత్తనివ్వనిది ఆ మెచ్చుకోలే.

మూడో ఏడాది నుంచి బరువు మళ్లీ పెరగసాగింది. 80, 85, చివరికి 94. చెకప్ తేదీ వచ్చినప్పుడల్లా ఏదో ఒక వంకతో వాయిదా వేశాను. విటమిన్ మాత్రలు కూడా మానేశాను. ఇంత చేయించుకుని కూడా నిలుపుకోలేకపోయిందని అంటారేమోనని భయం. నిజానికి ఎవరూ అనలేదు. నాకు నేనే రోజూ అనుకున్నాను.

ఒక రాత్రి పొలమారి ఊపిరాడక మంచం మీద నుంచి దిగిపోయాను. మా ఆయన వీపు రాస్తూ, "బరువు సంగతి తర్వాత చూసుకుందాం. నువ్విలా ఉక్కిరిబిక్కిరి అవుతుంటే నేను చూడలేను. పొద్దున్నే వెళ్తున్నాం" అన్నారు.

ఎండోస్కోపీలో అన్నవాహిక కింది భాగమంతా ఒరుసుకుపోయి పుండ్లు పడి ఉంది. జీర్ణాశయం పైభాగం కొంత ఛాతీలోకి జారింది. దాన్ని హయాటల్ హెర్నియా అంటారు. యాసిడ్ ఏళ్ల తరబడి తగిలితే అన్నవాహిక లోపలి పొర మారిపోవచ్చు, ఆ మార్పు కొందరిలో క్యాన్సర్ దాకా వెళ్లవచ్చు అని చెప్పి, చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపారు. రిపోర్టు వచ్చేదాకా ఐదు రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. అలాంటి మార్పేమీ లేదని వచ్చింది.

స్లీవ్‌ను బైపాస్‌గా మార్చాలన్నారు డాక్టర్ గారు. కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. స్లీవ్ సన్నని గొట్టం కాబట్టి లోపల ఒత్తిడి ఎక్కువ. పైన ఉండే కవాటం బలహీనపడితే యాసిడ్ పైకి తన్నుతుంది. బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిగా వేరుచేసి, దానికి చిన్నపేగును నేరుగా కలుపుతారు. ఆ సంచిలో యాసిడ్ చాలా తక్కువ. బరువొక్కటే సమస్యయితే బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్లు చూసేవాళ్లమని, హెర్నియాను మాత్రం ఇంజెక్షన్ సరిచేయలేదని చెప్పారు.

"ఇదంతా నా తప్పేనా మేడమ్?" అని అడిగాను.

"స్లీవ్ తర్వాత ఈ మంట చాలామందికి వస్తుందమ్మా. బరువు కొంత తిరిగి రావడమూ అంతే. ఊబకాయం దీర్ఘకాలిక జబ్బు. బీపీ మళ్లీ పెరిగితే మందు మారుస్తాం కానీ, మనిషిని తప్పుపట్టం కదా" అన్నారు. అక్కడే ఏడ్చేశాను. ఆ మాట కోసం రెండేళ్లు ఆగనక్కర్లేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆవిడ ప్రమాదాలూ దాచలేదు. పాత ఆపరేషన్ వల్ల లోపల అవయవాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, కుట్ల దగ్గర లీకయ్యే ప్రమాదం మొదటిసారి కంటే ఎక్కువ, బరువు మాత్రం మొదటిసారంత తగ్గదు. రక్తపరీక్షల్లో ఐరన్, బీ12, విటమిన్ డీ మూడూ తక్కువే. ముందు వాటిని సరిచేశారు. కాలేయం కుంచించుకోవాలని రెండు వారాలు ద్రవాహారం పెట్టారు. మొదటిసారి ఆశతో వెళ్లాను. ఈసారి నొప్పి ఎలా ఉంటుందో తెలిసి వెళ్లాను.

నాలుగు గంటలు పట్టింది. ఆ సాయంత్రమే నడిపించారు. మూడో రోజు మాత్రం గుండె దడదడలాడింది, నాడి 120 దాటింది. నొప్పి పెద్దగా లేదు కదా అని నేననుకుంటే, నర్సులు పరుగులు పెట్టారు. లీకును చాలాసార్లు ముందుగా పట్టించేది నాడి వేగమేనట. వెంటనే సీటీ స్కాన్‌కి తీసుకెళ్లారు. ఆ మిషన్‌లో పడుకుని పైకప్పు వైపు చూస్తూ, ఎందుకు ఒప్పుకున్నానా అని ఆ ఒక్కసారే అనుకున్నాను. లీకు లేదు. ఒంట్లో నీరు తగ్గిపోయింది, అంతే. సెలైన్ ఎక్కించాక రాత్రికి నాడి 90కి దిగింది. అప్పటిదాకా మా ఆయన కుర్చీలో నుంచి కదల్లేదు.

ఇంటికొచ్చిన మొదటి వారం నీళ్లు గుక్కెడు కూడా కాదు, చుక్క చుక్కే. తర్వాత చిక్కటి ద్రవాలు, ఆ తర్వాత మెత్తనివి. నాలుగో నెలలో జుట్టు గుప్పెళ్లతో ఊడింది, మళ్లీ వచ్చింది. ఒకసారి తీపి తిన్న పావుగంటకే చెమటలు, దడ, కళ్లు తిరగడం. దాన్నే డంపింగ్ అంటారు. ఇప్పుడు తీపి జోలికి పోవడం లేదు. ఐరన్, కాల్షియం మాత్రల మధ్య రెండు గంటలైనా ఎడం పాటిస్తున్నాను. సంచి, పేగు కలిసే చోట పుండు పడుతుందని ఇబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు వద్దన్నారు. ఈ జాగ్రత్తలు బతికున్నంతకాలం.

మంట పోయింది. ఒక్క దిండు మీద పడుకుంటున్నాను.

బరువు 77 దాకా తగ్గింది. ఈమధ్య మళ్లీ 79 చూపించింది. ఆ అంకె చూడగానే కడుపులో ఆ పాత టెన్షన్ కదిలింది. గురువారం చెకప్ ఉంది. తేదీ మార్చుకోలేదు.