మెస్సీయను నమ్మినవారికి ధర్మశాస్త్రంతో పని ఉంది

మేము శనివారాన్ని విశ్రాంతి దినంగా పాటించడం మొదలుపెట్టినప్పటి నుంచి ఒంగోలులోని బంధువులు ఒకే మాట అడుగుతున్నారు: మెస్సీయ అయిన యేసు ద్వారా కృప వచ్చాక, మోషే ద్వారా దేవుడిచ్చిన ధర్మశాస్త్రంతో మనకేం పని? రక్షణ కృప వల్లనే కలుగుతుందని నేనూ మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. రక్షణ పొందినవాడు ఎలా నడుచుకోవాలన్నది వేరే ప్రశ్న. ధర్మశాస్త్రాన్ని కొట్టివేయడానికి రాలేదని మత్తయి 5:17లో యేసు ప్రభువే చెప్పాడు. యిర్మీయా 31:33 ప్రకారం కొత్త నిబంధనలో దేవుడు హృదయాల మీద రాసేదీ ధర్మశాస్త్రాన్నే. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో అన్యజనులపై, అంటే యూదులు కాని విశ్వాసులపై, సున్నతి భారం మోపలేదన్నది నిజమే కానీ, మోషే గ్రంథాన్ని ప్రతి విశ్రాంతి దినాన సమాజమందిరాల్లో చదువుతున్నారని యెరూషలేము సంఘ పెద్ద యాకోబు అక్కడే గుర్తుచేయడాన్ని మనవాళ్లు చాలా తేలిగ్గా దాటేస్తారు. బలుల ఆజ్ఞల సంగతి వేరు, వాటిని అర్పించాల్సిన యెరూషలేము ఆలయమే క్రీ.శ. 70లో కూలిపోయింది.

ఈసారి వరి కోతల్లో ధర్మశాస్త్రంలోని మిగతా ఆజ్ఞల విలువ నాకు కళ్లకు కట్టినట్టు తెలిసింది. లేవీయకాండము 19:9 చెప్పినట్లు మడి అంచున పైరు కోయకుండా వదిలాం. కోత మిషన్ వెళ్లిపోయాక ఇద్దరు పెద్ద వయసు ఆడవాళ్లు కొడవళ్లతో వచ్చి, ఎవరి అనుమతీ అడగనవసరం లేకుండా ఆ అంచు కోసుకుని, రాలిన వెన్నులను పరిగె ఏరి కొంగులో వేసుకున్నారు. కూలీలకు కూడా, ద్వితీయోపదేశకాండము 24:15 కోరినట్లు, పొద్దు గుంకకముందే డబ్బులు చేతిలో పెట్టాం. సిలువ వీటిలో దేన్ని రద్దు చేసిందో నాకు ఎవరైనా వాక్యంలో చూపించాలి.